పటాల బల్ల ఎవరి కోసం?

నలభై యాభై యేళ్ళ క్రితం కట్టిన తెరచాప పడవల్లో, పైనుంచి మెట్లు దిగి లోపలి గదిలో అడుగు పెట్టగానే ఒక పక్కగా చిన్న బల్ల ఒకటి కనిపిస్తుంది. పూర్వం గుమాస్తాల ముందుండే మూతపెట్టె లాంటిదన్నమాట. పైచెక్క ఎత్తితే లోపల సముద్ర పటాలు సగానికి మడిచి దాచుకునే చోటు, చెక్క దించితే వాటిని పరుచుకుని గీతలు గీసుకునే చోటు. ఎదుటి గోడకి స్విచ్చుల పలక, రేడియో, లోతు చూపే యంత్రం, బేరోమీటరు. కూర్చోవడానికి ఒక్క మనిషికి సరిపడే పీట. ఇంగ్లీషులో దీన్ని నేవిగేషన్ స్టేషన్ అంటారు. మన భాషలో పడవ మాటలకేమీ కొదవ లేదు. చుక్కాని, లంగరు, తెరచాప, సరంగు, తండేలు... కోరంగిలో ఓడలు కట్టిన వాళ్ళం మరి! కానీ ఈ బల్లకి మాత్రం నాకు పేరు దొరకలేదు. మన సరంగులు దారిని కాగితం మీద కాక మనసులో పెట్టుకునేవారు కాబోలు. అంచేత దీన్ని 'పటాల బల్ల' అని పిలుచుకుంటున్నాను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తోస్తే సంతోషంగా మార్చుకుంటాను.

ఈ బల్లకి ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. కొత్త పడవల్లో చాలావాటిలో అసలు పెట్టడమే లేదు. ఉన్నా, పళ్ళెం పెట్టుకునేంత చెక్క. పాత పడవల్లో ఉన్నది కళ్ళద్దాలు, తాళాలు, సగం తిన్న బిస్కట్ పొట్లాలు, పాత రశీదులు పోగుపడే చోటు అయిపోయింది. జేబులో ఉన్న ఫోనే పటం, దిక్సూచి, గడియారం, వాతావరణ సూచన అన్నీ అయినప్పుడు నాలుగడుగుల జాగా ఈ బల్లకి ఎందుకివ్వాలి అనేది ఈనాటి ప్రశ్న. సమంజసమైన ప్రశ్నే. దానికి నేను ఇచ్చుకున్న జవాబు ఈ టపా.

ముందుగా మా పడవ సంగతి కాస్త చెప్పక తప్పదు. 1978లో కట్టిన 34 అడుగుల ఫైబర్‌గ్లాసు పడవ. నేనూ ఒక తణుకు మిత్రుడూ చెరిసగం పెట్టి కొన్నాము. (వరస ఏమీ లేకపోయినా పాతికేళ్ళుగా 'బావా' అనే పిలుచుకుంటున్నాము.) అమెరికా తూర్పు తీరాన చెసపీక్ అఖాతంలో, అన్నాపొలిస్‌కి దగ్గరలో ఉంటుంది. ఈ అఖాతం పొడవు దాదాపు 200 మైళ్ళు, సగటు లోతు మాత్రం 21 అడుగులే. అంటే చూడటానికి సముద్రమంత, దిగితే చెరువంత అన్నమాట. ఇసుక మేటలు ఎక్కువ, వేసవి సాయంత్రాల్లో ఉన్నట్టుండి విరుచుకుపడే ఉరుముల గాలివానలు ఎక్కువ, పైగా బాల్టిమోరు రేవుకి పోయే పెద్ద పెద్ద కంటెయినరు ఓడలు మధ్యలోంచి నడుస్తూ ఉంటాయి. ఎక్కడున్నామో తెలియకపోతే కుదరని చోటు.

గత రెండు శీతాకాలాలూ ఈ పటాల బల్ల బాగుచేతతోనే గడిచాయి. బాగుచేత అనగానే అందరికీ తట్టేది కొత్త యంత్రాలు కొనడం. దుకాణాల జాబితాలు కూడా మనల్ని అటే తోస్తాయి. ఇంకా పెద్ద తెర, ఇంకా లోతుకి చూసే సోనారు, ఫోనుతో మాట్లాడే గాలి కొలమానం... నా అభిప్రాయం దీనికి పూర్తిగా ఎదురు. పాత పడవలో పటాల బల్ల బాగుచేయడమంటే మొదట తీసివేయడం, తరువాత పేర్లు వ్రాయడం, అన్నిటికన్నా చివర, మిగిలితే, కొనడం.

తీసివేయడం ఎందుకంటారా? స్విచ్చుల పలక మరలు విప్పి ముందుకి వంచి చూస్తే తెలుస్తుంది. ప్రతి యజమానీ తన కాలపు యంత్రం ఒకటి బిగించుకున్నాడు. తరువాత వచ్చినవాడు ఆ యంత్రాన్ని తీశాడు గానీ తీగలు తీయలేదు. మా పలక వెనకాల పొరలు పొరలుగా చరిత్ర ఉంది. అట్టడుగున పడవ కట్టిన నాటి తీగలు. వాటి మీద లొరాన్-సి తాలూకువి. భూమి మీది కేంద్రాల రేడియో సంకేతాల కాల భేదాన్ని బట్టి మన స్థానం చెప్పే పద్ధతి అది. అమెరికాలో 2010 ఫిబ్రవరి 8న ఆపేశారు. ఆ సంకేతం ఆగిన పదిహేనేళ్ళ పైన కూడా దాని తీగలో మా పడవ బ్యాటరీ కరెంటు ప్రవహిస్తూనే ఉంది, చివర ఏమీ లేకుండా, ఒక టేపు ముక్క చుట్టుకుని! తేమలో ఆ టేపు ఊడి పక్క తీగకి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. దాని పైపొరలో 1990ల నాటి రేడియో, ఆ పైన పాటల పెట్టె, దాని స్పీకర్లు, ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ తెలియని రెండు ఊదారంగు తీగలు. చివర లేని తీగలన్నీ లాగి ఒక సంచిలో వేసి తూస్తే తొమ్మిది కిలోలు తూగింది.

ఆ పాత జీపీఎస్ యంత్రం సంగతి చెప్పితీరాలి. జీపీఎస్ ఉపగ్రహాలు కాలాన్ని వారాల లెక్కన పంపుతాయి. పాత పద్ధతిలో ఆ లెక్క 1024 వారాలకి ఒకసారి సున్నాకి తిరిగి వస్తుంది. మొదట 1999 ఆగస్టులో, మళ్ళీ 2019 ఏప్రిల్ 6న అలా తిరిగింది. రెండోసారి తిరిగాక పాత యంత్రాలు కొన్ని స్థానం సరిగ్గానే చెబుతూ తేదీ మాత్రం పంతొమ్మిదిన్నరేళ్ళు వెనక్కి చూపడం మొదలుపెట్టాయి. మాదీ వాటిలో ఒకటి. 2024 నవంబరులో మేము విప్పదీసే నాటికి దాని తెర మీద 2005 వసంతం నడుస్తోంది. మనలో చాలామంది యూనికోడులో తెలుగు టైపు చేయడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న ఏడాది! ఆ ఒక్క కారణంగా దాన్ని పారేయబుద్ధి కాలేదు; ఇప్పుడు ఇంట్లో నా పుస్తకాల అలమరలో ఉంది.

ఇక తీగల గురించి. మన ఇత్తడి గిన్నెలకి కళాయి వేయించుకోవడం తెలిసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. పడవల్లో వాడవలసింది తగరపు కళాయి పూసిన రాగి తీగ. మామూలు రాగి తీగ ఉప్పుగాలికి లోలోపల చిలుము పడుతుంది. పైన తొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది, రెండంగుళాలు ఒలిచి చూస్తే లోపల నల్లటి పొడి. చిలుము పట్టిన తీగలో కరెంటు దారిలోనే కొంత అరిగిపోతుంది. పన్నెండు వోల్టుల పడవలో ఇదేమీ చిన్న విషయం కాదు. దారిదీపాలకీ, రేడియోకీ మూడు శాతానికి మించి వోల్టేజి పడిపోకూడదని ఇక్కడి పడవల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ చెబుతుంది; అంటే పట్టుమని 0.36 వోల్టు. రేడియో వింటున్నంతసేపూ బాగానే ఉంటుంది, ఎందుకంటే వినడానికి పెద్ద ఖర్చు లేదు. మాట్లాడటానికి మీట నొక్కి 25 వాట్లతో ప్రసారం చేసేటప్పుడే అయిదారు ఆంపియర్లు కావాలి. అప్పుడు గొంతు పూడుకుపోతుంది. నిత్యం బాగానే ఉండి ఆపదలో మాత్రమే బయటపడే జబ్బు కాబట్టే ఇది ప్రమాదకరం.

తీగలు అతికే పద్ధతి మీద మా బావకీ నాకూ ఒక ఆదివారమంతా వాదం నడిచింది. అతను చిన్నప్పుడు రేడియో మరమ్మత్తులు నేర్చుకున్నవాడు. టంకం పెడితేనే అతుకు అంటాడు. పడవలో ఒక్క టంకం మీదే ఆధారపడకూడదు. టంకం పెట్టినచోట తీగ కడ్డీలాగా బిరుసెక్కుతుంది, ఇంజను అదురుకి ఆ బిరుసు ముగిసేచోట పుటుక్కున తెగుతుంది. సరైన కొలత లగ్గుని సరైన పటకారుతో నొక్కి, పైన వేడికి ముడుచుకుని జిగురు కారే గొట్టం తొడగడమే మేలు. చివరికి బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, "నువ్వు కొన్న పటకారు ఖరీదుకి మా తణుకులో మోటారొస్తుంది బావా" అన్నాడు. నిజమే, కానీ మోటారు ఈ పని చేయదు.

రంగుల విషయంలో మాత్రం వాదాలకి తావు లేదు, ముఖ్యంగా మన దేశం నుంచి వచ్చినవాళ్ళకి. మన ఇళ్ళలో నల్ల తీగ అంటే న్యూట్రల్ అని చిన్నప్పటి నుంచీ వేళ్ళకి అలవాటు. అమెరికాలో ఇంటి కరెంటులో నలుపే ప్రాణాంతకమైన తీగ; తెలుపు న్యూట్రల్. అదే అమెరికా పడవలో బ్యాటరీ వైపు మళ్ళీ నలుపే ఋణధ్రువం! ఒకే పలక వెనకాల, రేవు నుంచి వచ్చే 120 వోల్టుల నలుపూ, బ్యాటరీ తాలూకు నిరపాయమైన నలుపూ పక్కపక్కన వేలాడుతుంటే తలకిందులుగా పడుకుని చేయి పెట్టేవాడి గతి ఏమిటి? అందుకనే బ్యాటరీ ఋణధ్రువానికి పసుపు తీగ వాడమంటారు. మేము నల్లవన్నీ తీసి పసుపు వేశాము. శ్రమే, కానీ రేపు మా పలక విప్పేవాడు మేమే కానక్కరలేదు గదా.

ఇక్కడే నేను అసలు చెప్పదలచిన సంగతి మొదలవుతుంది. పేర్లు వ్రాయడం.

2024 మార్చి 26న తెల్లవారకముందే ఇదే చెసపీక్ నీళ్ళలో, బాల్టిమోరు రేవులో, దాదాపు 300 మీటర్ల పొడవున్న 'డాలీ' అనే ఓడ కరెంటు పోయి, అదుపు తప్పి, ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కూలిపోయింది. దాని మీద రోడ్డు పని చేస్తున్న కూలీలు ఆరుగురు చనిపోయారు. ఓడ సిబ్బందిలో చాలామంది మనదేశం వాళ్ళే కాబట్టి ఆ రోజుల్లో మన ఇళ్ళలోనూ దీని గురించి మాట్లాడుకున్నాము. అమెరికా రవాణా భద్రతా మండలి దర్యాప్తు చేసి 2025 నవంబరులో కారణం చెప్పింది: ఒకే ఒక్క తీగ వదులుగా ఉండటం. ఎందుకు వదులైంది? తీగకి పేరు తెలిపేందుకు తొడిగిన చిన్న పట్టీ సరైన చోట లేక, తీగ కొసని దాని గూట్లోకి పూర్తిగా దిగనివ్వలేదట. పేరు చెప్పవలసిన పట్టీయే తీగకి అడ్డుపడింది.

ఈ వార్త విని నేను చాలాసేపు ఏమీ చేయలేకపోయాను. అప్పటికి మేము పేర్ల పట్టీలు తొడుగుతూ సగం పనిలో ఉన్నాము. పట్టీలు దండగ అని దీని నుంచి ఎవరైనా అర్థం తీస్తే నేను ఒప్పుకోను. పట్టీ ఎవరి సుళువు కోసం తొడిగామో వాళ్ళ కళ్ళతో, వాళ్ళ వేళ్ళతో ఒకసారి లాగి చూడాలన్నదే దాని అర్థం. మేము ప్రతి తీగనీ బిగించాక గట్టిగా ఒక లాగు లాగి, ఊడకపోతేనే ముందుకి వెళ్ళాము. పట్టీని కొసకి రెండంగుళాల వెనక్కి తొడిగాము. ఎన్ని తీగలో లెక్క చెప్పను గానీ రెండు వారాంతాలు పట్టింది.

పలక మీద స్విచ్చులకి పేర్లు వ్రాయడం ఇంకా కష్టమైంది. ఎందుకంటే అది భాష సమస్య. పాత యజమాని వ్రాసుకున్న పొట్టి అక్షరాలు అతనికే తెలుసు. ఒక స్విచ్చు పక్కన 'స్పేర్' అని ఉంది. దాన్ని ఆపితే పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు ఆగిపోతుంది! యజమానికి అది తెలుసు కాబట్టి అతనికి పేరుతో పని లేదు. తెలియనివాళ్ళకే పేరుతో పని.

కాబట్టి నా లెక్క ఇది. పటాల బల్ల పడవ బాగా తెలిసినవాడి కోసం కాదు. అతను చీకట్లో కూడా తడుముకుని రేడియో వేయగలడు. పడవలో ఉన్నవాళ్ళలో అందరికన్నా తక్కువ తెలిసిన మనిషి, మిగతావాళ్ళు పనికిరాని స్థితిలో ఉన్నప్పుడు, ఒంటరిగా వచ్చి కూర్చుని, ఎక్కడున్నామో చూసుకుని, ఆ సంగతి బయటికి చెప్పగలగడం కోసం ఆ బల్ల. ఏ యంత్రం పెట్టాలి, ఏది తీయాలి, ఏ పటం ఉంచాలి, అసలు బల్ల ఉండాలా వద్దా - అన్నిటికీ ఇదొక్కటే గీటురాయిగా పెట్టుకుంటే ఇక సందేహాలు రావు.

మా పడవలో ఆ మనిషి బావ భార్య. నాకు చెల్లెలి వరస. వారాంతాల్లో పిల్లలతో వస్తుంది, తెరచాపల గొడవ పట్టించుకోదు. గాలి ఎక్కువై మేమిద్దరం పైన ఉండి, ఒకడు నీళ్ళలో పడి రెండోవాడు అతన్ని లాగుతూ ఉన్నాడనుకోండి. కింద మిగిలేది ఆవిడే. ఒకరోజు పడవ రేవులో కట్టి ఉండగా, రేడియోకి కరెంటు రాకుండా బ్యాటరీ తీగ తీసివేసి, "ఇప్పుడు సహాయం కోసం పిలవమ్మా" అన్నాను. (ఇది ముఖ్యం, ఉత్తుత్తి ఆపద పిలుపు నిజంగా ప్రసారమైతే నేరమవుతుంది.) ఆవిడ పలక వైపు కాసేపు చూసి, "అన్నయ్యగారూ, ఈ పదహారు స్విచ్చుల్లో రేడియోది ఏదో చెబితే ఆ తరువాత సంగతి చూద్దాం" అంది. కొత్త యంత్రాల జాబితా నేను మడిచి పెట్టింది ఆ మధ్యాహ్నమే.

ఇప్పుడు రేడియో స్విచ్చుకి ఎర్ర తొడుగు, మిగతావాటికి తెలుపు. పక్కనే ప్లాస్టిక్ పూత వేసిన చీటీ: ఏ స్విచ్చు వేయాలి, పదహారో చానలు ఎలా పెట్టాలి, 'మేడే' అని మూడుసార్లు, పడవ పేరు, ఎక్కడున్నాము, ఏమైంది, ఎంతమందిమి. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. ఈ చివరి మాట వ్రాయవలసి వస్తుందని నేను ఊహించలేదు. ఫోనుకి అలవాటు పడ్డవాళ్ళకి ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు మాట్లాడలేని సాధనం వింతే.

రేడియోకి ఒక ఎర్ర మీట కూడా ఉంటుంది. మూత ఎత్తి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే డెబ్భయ్యో చానలు మీద పడవ గుర్తింపు సంఖ్య, అక్షాంశ రేఖాంశాలు అంకెల రూపంలో వాటంతటవే వెళతాయి. అద్భుతమైన ఏర్పాటు. అయితే పాత పడవల్లో ఇది చాలాసార్లు ఉత్తుత్తి అలంకారం. రేడియోకి జీపీఎస్ నుంచి రెండు సన్నని తీగలు కలపాలి, కలపరు. కలపకపోతే ఆ పిలుపు 'ఆపదలో ఉన్నాను' అంటుంది గానీ 'ఎక్కడ' అనదు. ఇక గుర్తింపు సంఖ్య తొమ్మిది అంకెలది, పడవకీ యజమానికీ ముడిపడినది. సెకండ్‌హ్యాండ్ రేడియోలో పాత యజమాని సంఖ్యే ఉండిపోతే, మనం మునుగుతున్నప్పుడు కోస్ట్‌గార్డు అతని ఇంటికి ఫోను చేస్తుంది! చాలా రేడియోల్లో ఈ సంఖ్యని ఒకటి రెండుసార్లకి మించి మార్చనివ్వరు, తయారీదారుకి పంపవలసిందే. ఆ రెండు తీగలు కలిపి, సంఖ్య మార్పించుకోవడానికి మాకైన ఖర్చు ఒక మంచి భోజనం ఖరీదు. దుకాణం జాబితాలో ఏ పెద్ద తెరా దీనికి సాటి రాదు.

మేము కొత్తగా కొన్నవీ లేకపోలేదు. ఏఐఎస్ ఒకటి పెట్టాము. చుట్టుపక్కల ఓడల పేరూ, దిక్కూ, వేగమూ చూపించి, మన ఉనికిని వాటికి చెప్పే సాధనం అది. కంటెయినరు ఓడలు తిరిగే చోట, పొగమంచులో, దీని విలువ వేరే చెప్పాలా? దీపాలన్నీ ఎల్ఈడీలకి మార్చాము. తెరచాప కొయ్య కొసన పాత బల్బు రెండు ఆంపియర్లు తాగేది, ఇప్పుడు దానిలో పదో వంతు చాలు. ఇక్కడొక జాగ్రత్త. కొన్ని ఎల్ఈడీ దీపాలు వెలిగించగానే రేడియో చెవిటిదైపోతుంది. 2018లో అమెరికా కోస్ట్‌గార్డు దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. చూసుకోవడం తేలిక. ఎవరూ మాట్లాడని చానలు పెట్టి, బరబర శబ్దం సరిగ్గా ఆగేంతవరకు స్క్వెల్చ్ తిప్పి, దీపం వేయండి. బరబర మళ్ళీ మొదలైతే ఆ దీపం మార్చండి. అన్నట్టు, బల్ల వెనుక గోడకి అవతలివైపే మా దిక్సూచి ఉంది. ఇవతల ఎవరో పాటల స్పీకరు బిగించారు. దానిలోని అయస్కాంతం దిక్సూచిని కొన్ని డిగ్రీలు పక్కకి లాగుతూ ఉండేది. స్పీకరు తీశాము. పాటలు మేమే పాడుకుంటున్నాము.

ఇక కాగితం పటాల సంగతి. బావతో అసలు తగవు ఇక్కడే. అతని వాదం ఇది: "ఆ బల్ల పీకేసి చిన్న ఫ్రిజ్జు పెడదాం బావా. ఎండల్లో పిల్లలు చల్లనీళ్ళు లేక అల్లాడుతున్నారు. పటం నా ఫోనులో ఉంది, నీ ఫోనులో ఉంది, ట్యాబ్లెట్లో ఉంది. ఇంకెన్ని కావాలి?"

కొట్టిపారేసే వాదం కాదు. కాగితం పటాల తయారీదారులే చేతులెత్తేస్తున్న రోజులివి. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా 2019లో ప్రకటించి, 2025 మొదటికల్లా తన సంప్రదాయ కాగితం పటాలన్నిటినీ ఆపేసింది. బ్రిటిష్ అడ్మిరల్టీ వారు 2026 చివరికి ఆపేస్తామని 2022లో ప్రకటించి, గోల పుట్టాక కనీసం 2030 దాకా పొడిగించారు. జీపీఎస్ వల్ల జరిగిన మేలునీ నేను కాదనను. 2000 మే నెలలో ఆ సంకేతాల్లో ఉద్దేశపూర్వకంగా కలిపే తప్పుని అమెరికా తీసేసిన నాటి నుంచి మామూలు మనిషికి కూడా తన పడవ పొడవంత కచ్చితంగా తన చోటు తెలుస్తోంది. పాతవన్నీ బంగారం అనే బాపతు కాదు నేను.

అయినా బల్ల ఎందుకంటే, తెర మీద పటానికి ఒక గుణం ఉంది. చిన్నది చేసి చూస్తే అది కొన్నిటిని దాచేస్తుంది. 2014 నవంబరు 29 రాత్రి, ప్రపంచం చుట్టూ సాగే వోల్వో ఓషన్ రేసులో 'వెస్టాస్ విండ్' అనే పడవ హిందూ మహాసముద్రంలో మారిషస్‌కి ఈశాన్యాన ఉన్న కార్గడోస్ కరజోస్ పగడపు దిబ్బల మీదికి 19 నాట్ల వేగంతో పోయి ఎక్కేసింది. తొమ్మిది మంది ప్రాణాలతో బయటపడ్డారు. వాళ్ళు అనుభవం లేనివారు కాదు; ప్రపంచంలోకెల్లా ఆరితేరినవారిలో కొందరు. వాళ్ళు చూసిన మేరకి ఆ తెర మీద అక్కడ నలభై మీటర్ల లోతు ఉంది. ఇంకా దగ్గరికి జరిపి చూస్తే తప్ప దిబ్బ కనిపించదు. కాగితం పటంలో ఏది కనిపించాలో పటం గీసినవాడు నిర్ణయిస్తాడు. వాడి పనే ప్రమాదం చూపడం. తెరలో ఏది కనిపించాలో మన రెండు వేళ్ళు నిర్ణయిస్తాయి. అలసిపోయిన రాత్రి ఆ వేళ్ళు ఎంత దూరం జరుగుతాయో ఎవరు చెప్పగలరు?

ఇది చెబితే బావ వెంటనే గోల్డెన్ గ్లోబ్ రేసు ఎత్తుకుంటాడు. జీపీఎస్ లేకుండా, సెక్స్టాంటుతో సూర్యుణ్ణీ నక్షత్రాలనీ చూసుకుంటూ ఒంటరిగా ప్రపంచం చుట్టి రావాలి. మన అభిలాష్ టోమీ 2018లో అందులో దక్షిణ హిందూ మహాసముద్రంలో వెన్ను విరిగి కూడా బతికి బయటపడి, మళ్ళీ వెళ్ళి 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో ముగించాడు. 1968-69లో మొదటి రేసు గెలిచిన రాబిన్ నాక్స్-జాన్స్టన్ పడవ సుహైలి మన బొంబాయిలో టేకు కలపతో కట్టినదే. "అయితే నువ్వూ నక్షత్రాలు చూస్తావా?" అని వెక్కిరింత. చూడను. వాళ్ళు వేరు. 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా తారిణి మీద ప్రపంచం చుట్టివచ్చిన ఆరుగురు నావికాదళ మహిళల్లో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య ఉన్నారని చెప్పుకుని మురిసిపోతాను, అంతే. వాళ్ళందరూ బల్ల లేకపోయినా దారి కనుక్కోగల మనుషులు. నేను అడుగుతున్నది దానికి సరిగ్గా అవతలి కొసన ఉన్నవాళ్ళ సంగతి.

తడి వేళ్ళతో ట్యాబ్లెట్ మాట వినదు. ఎండలో వేడెక్కి తనంతట తానే ఆరిపోతుంది. ఫోను తెరవాలంటే బావ బొటనవేలు కావాలి, ఆ బొటనవేలు నీళ్ళలో ఉంది. బల్ల మీద పరిచిన కాగితానికి ఇవేవీ అక్కరలేదు. గంటకొకసారి పెన్సిలుతో ఒక చుక్క, పక్కన టైము వ్రాస్తూ ఉంటే, అన్ని తెరలూ ఆరిపోయినా గంట క్రితం ఎక్కడున్నామో, ఎటు పోతున్నామో తెలుస్తుంది. ఇంకెవరైనా వచ్చి చదవగలిగేలా ఉండటం, అదీ దాని ఘనత. నోవా వారు అచ్చు వేయడం మానినా, కావలసిన ప్రాంతాన్ని కావలసిన కొలతలో మనమే తయారుచేసుకుని అచ్చు వేయించుకునే సదుపాయం వాళ్ళ సైటులోనే ఉచితంగా పెట్టారు. మేము మాకు కావలసిన నీళ్ళన్నీ ఆరు కాగితాలకి కుదించి, ఊళ్ళో పెద్ద ప్రింటర్లున్న దుకాణంలో అచ్చు వేయించుకున్నాము. బల్ల చెక్క ఎంత ఉందో కాగితం అంతే ఉంది. మడత లేదు.

ఫ్రిజ్జు తగవు ఎలా తీరిందంటే, తీరలేదు. ప్రస్తుతానికి మెట్ల కింద ఐసు పెట్టె ఉంది. దానిలో ఐసు శనివారం మధ్యాహ్నానికి కరిగిపోతుందని బావ ప్రతి శనివారం మధ్యాహ్నం నాకు గుర్తు చేస్తాడు. మిగిలిన పెద్ద పని ఒకటుంది. రేడియో యాంటెనా తీగ తెరచాప కొయ్య లోపల నలభై అడుగులకి పైగా పాకి ఉంది. అది పడవంత వయసుదని నా అనుమానం. వసంతంలో కొయ్య దించినప్పుడు లాగి మార్చాలి. అది పాడైతే కిందనున్న ఎర్ర తొడుగులూ, చీటీలూ అన్నీ వృథా.

ఈలోగా చెల్లెమ్మ నా చీటీని ఎత్తి అవతల పెట్టి తానే వేరేది వ్రాసింది. ఇంగ్లీషులో చెప్పవలసిన మాటలన్నీ తెలుగు లిపిలో, ఒక్కొక్క వరుస ఒక్కొక్క రంగులో. వచ్చే జూన్లో వాళ్ళ అత్తగారు తణుకు నుంచి వస్తారు, ఆవిడని కూడా పడవ ఎక్కిస్తామంటున్నారు కదా మరి, అంది. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేయాలి. ఆవిడకి దగ్గర చూపు ఆనదు.